హొహేపా వంకర వేలు

ఊరి పేరెందుకులెండి... న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఓ వైద్య కళాశాల. దాని నేలమాళిగలో చివరి గదికి మంచి పేరు లేదు. రాత్రి పది దాటితే, లోపల ఎవరో చెక్కమీద వేలితో కొట్టినట్టు — టక్... టక్... టక్. మూడుసార్లు. ఆగుతుంది. మళ్లీ మూడు.

శవాలు కోసి నేర్చుకునే చోటు మరి. తుడిచేవాళ్లు ఆ మలుపుదాకా వెళ్లి, బకెట్టు అక్కడే వదిలేసి వచ్చేసేవాళ్లు.

కొత్తగా తుడిచే పనిలో చేరిన మెరియానాకి ఆ వంతు పడింది. ఆమెకి భయం వేయలేదు. ఆ మూడు దెబ్బలు ఆమె ఎరుగును. అన్న హొహేపా ఎవరింటి నుంచి లేచినా, బల్లమీద వంకర చిటికెనవేలితో అలాగే కొట్టి, "వస్తా" అనేవాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో విరిగి, వంకరగా అతుక్కున్న వేలు అది.

హొహేపా పోయి మూడేళ్లు. తన శరీరం ఈ కాలేజీ పిల్లల చదువుకి ఇమ్మని రాసిపోయాడు. అక్కడి మూలవాసులైన మావోరీల ఇళ్లలో అదేమన్నా చిన్న మాటా? మనిషి మొత్తంగా మట్టిలోకి పోవాలి. పెద్దలు ససేమిరా అన్నారు. అప్పుడు ఇంటికొచ్చి కూర్చున్నవాడు అలిస్టర్ — ఆ కాలేజీలో శవాల బాధ్యత చూసే ఉద్యోగి, హొహేపాతో కలిసి చేపలు పట్టినవాడు.

"గోరు కూడా మా దగ్గర ఉండదు మెరియానా. నాదీ పూచీ" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమే పెద్దల కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. రెండేళ్లకి బూడిద వచ్చింది. అమ్మ పక్కనే పూడ్చారు.

మరి ఈ చప్పుడేమిటి?

తలుపు తోసింది...

దెయ్యం లేదు. మర ఉంది, వస్తువుల్ని అచ్చుపోసే త్రీడీ ప్రింటర్. అద్దాల పెట్టెలో దాని ముక్కు అటూ ఇటూ పరిగెడుతూ, పొరమీద పొర పోస్తోంది. వరస చివర అంచుకి తగులుతోంది — టక్... టక్... టక్. ఓస్, ఇంతేనా అని నవ్వబోయింది.

అప్పుడు చూసింది, అది పోస్తున్నదేమిటో.

చెయ్యి. తోలు తీసిన చెయ్యి... ఎర్రటి కండలు, నీలి నరాలు, వంకర చిటికెనవేలు. అరల్లో ఇంకా ఉన్నాయి, బారులు తీరి. అన్నిటికీ అదే వంకర.

వెనక అడుగుల చప్పుడు. అలిస్టర్.

"ఉత్త ప్లాస్టిక్ మెరియానా," అన్నాడు గుసగుసగా. "దహనానికి ముందు స్కానింగ్ తీశాం. పిల్లలు దీనిమీదే నేర్చుకుంటారు. ఆపరేషన్లు చేసే డాక్టర్లు కూడా."

"గోరు కూడా ఉండదన్నావు."

"లేదుగా. అంతా నీకిచ్చేశాం."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే... ఒప్పుకునేదానివా?"

"ఎన్ని చేశారు?"

అతను అరల వైపు చూశాడు. "ఇక్కడ నలభై. వేరే దేశాలకి పోయినవి... నాకు తెలీదు."

అన్న స్నేహితుడని నమ్మింది. నమ్మించి గొంతు కోశాడు. ఇప్పుడు పెద్దలకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి, అన్న ఎన్ని ఊళ్లలో ఉన్నాడో తెలీదని?

వంగి మర ప్లగ్గు పీకేసింది. ముక్కు మధ్యలోనే నిలిచిపోయింది.

టక్... టక్... టక్.

తీగ ఆమె చేతిలోనే ఉంది. చప్పుడు అరల్లోంచి వస్తోంది... ఒక్కచోట నుంచి కాదు.

"ఏ... ఏంటది?" అలిస్టర్ తలుపు వైపు వెనక్కి జరిగాడు.

"వెళ్లొస్తానంటున్నాడు," అంది మెరియానా. "ఇన్నాళ్లుగా అదే అంటున్నాడు. నువ్వే పోనివ్వట్లేదు."