పై బల్ల మీద అతిథి

ఆ గురువారం ఐలీ వేసిన బంతి మలుపు తిరిగింది.

ఎనిమిది లేన్ల ఆ చిన్న బౌలింగ్ హాల్లో అది పెద్ద వార్తే. డిసెంబరు నుంచీ ఆమె బంతి తిన్నగా పోయి, చివర సీసాల్లా నిలబెట్టిన పది పిన్నుల్లో మూలనున్న రెండు మూడింటిని తాకి, తప్పు చేసినట్టు వెనక గుంటలోకి జారుకునేది. ఇవాళ మాత్రం లేన్ అంచు దాకా వెళ్ళి, ఇంట్లో ఏదో మర్చిపోయినదానిలా చటుక్కున లోపలికి తిరిగి, పది పిన్నులనీ ఊడ్చేసింది.

పక్క లేన్‌లో ఉన్న జోరీ ట్రెవారో తన వంతు సంగతి మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.

జోరీ వాళ్ళమ్మతో కలిసి పేస్టీల దుకాణం నడుపుతాడు. మాంసం, దుంపలు కూరి, పెద్ద కజ్జికాయలా మడిచి కాల్చే ఆ పేస్టీలు లేకపోతే ఆ ఊళ్ళో సగంమందికి మధ్యాహ్నం గడవదు. ఐలీది పోస్టాఫీసులో ఉద్యోగం. వెనక గదిలో కూర్చుని, ఊళ్ళోకి వచ్చిన ఉత్తరాలని ఎవరి పెట్టెలో వాళ్ళకి వేస్తుంది. జోరీ పెట్టె నంబరు నూట పధ్నాలుగు. అది ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఇంకో సంగతి కూడా తెలుసు. ఈ చలికాలమంతా అతను రోజూ పోస్టాఫీసుకి వచ్చి ఒక్క స్టాంపు కొనుక్కుని వెళుతున్నాడు. ఊరు దాటి వెళ్ళే ఉత్తరాల సంచి ఆమె చేతికి రాదు కాబట్టి ఎవరికి రాస్తున్నాడో తెలీదు. రోజుకో ఉత్తరం రాయించుకునే అమ్మాయి ఎక్కడో ఉండే ఉంటుంది, చాలా అందంగా కూడా ఉండి ఉంటుందని ఐలీ నిర్ణయించేసుకుంది. అప్పటినుంచీ నూట పధ్నాలుగో పెట్టెలోకి బిల్లులు కొంచెం గట్టిగా విసురుతోంది.

"ఏం చేశావు నీ బంతిని?" జోరీ దగ్గరికొచ్చి అడిగాడు.

చెప్పాల్సింది చాలా ఉంది. లేన్ మీద పూసే నూనెని బంతి కొంచెం కొంచెంగా తాగుతుంది. ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలే. కడుపునిండా తాగాక ఇక దానికి పట్టు ఉండదు, జారుతుందే తప్ప తిరగదు. సన్నటి వేడి తగిలితే తాగిందంతా చెమటలా బయటికొస్తుంది. ఇదంతా ఐలీ మనసులో వరసగా సర్దుకుంది. నోట్లోంచి మాత్రం ఒకటే మాట వచ్చింది.

"సౌనా."

జోరీ హాలు వైపు తిరిగాడు. "విన్నారా? ఈ ఫిన్లాండ్‌వాళ్ళు పిల్లల్ని సౌనాలో కన్నారు, పందితొడలు సౌనాలో ఎండబెట్టుకున్నారు. ఇప్పుడు బంతులకి కూడా ఆవిరిస్నానాలట."

అందరూ నవ్వారు. ఐలీ చెవులు టొమాటోల్లా అయ్యాయి. మామూలుగా అయితే బూట్లు మార్చుకుని ఇంటికి పోయేదే. కానీ ఇవాళ ఆమె బంతి తిరిగింది. ఆ ధైర్యం ఇంకా ఒంట్లో ఉంది.

"మీ బంతి కూడా తాగే ఉంది. రెండు వారాలుగా చూస్తున్నాను. ఇవ్వండి, శనివారం స్నానం చేయించి పంపిస్తాను."

రెండు వారాలుగా చూస్తున్నానన్న ముక్క ఎందుకు బయటికొచ్చిందో ఆమెకే తెలీదు. జోరీ అది విన్నాడు. వినలేదన్నట్టు బంతి వైపు చూశాడు.

"పగిలితే?"

"పగలదు."

"ఆదివారం ఫైనల్. నాకున్నది ఇదొక్కటే. నా వంకర బొటనవేలికి ఇంకే బంతీ పట్టదు. కొత్తదానికి కన్నాలు వేయించాలంటే మూడు గంటల ప్రయాణం."

"పగలదన్నానుగా."

ఫైనల్ పోస్టాఫీసు టీముకీ పేస్టీల టీముకీ మధ్యనే. గెలిచినవాళ్ళ కిటికీలో ఏడాదంతా కప్పు ఉంటుంది. ఆరేళ్ళుగా అది పేస్టీల దుకాణంలోనే ఉంది. ప్రత్యర్థి బంతిని చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే ఐలీకి అప్పుడు భయం పట్టుకుంది. దీనికి ఏమైనా అయితే గెలవడానికి కావాలనే చేసిందంటుంది ఊరు. జోరీ కూడా అలాగే అనుకుంటే, ఇక ఆ మనిషి ముఖం చూడగలదా?

శనివారం ఆ ఇంట్లో సౌనా రోజు. పెరట్లో దేవదారు చెక్కతో వాళ్ళ నాన్న రేనో కట్టిన గది, లోపల రాళ్ళు పేర్చిన పొయ్యి, ఒకదానిపైన ఒకటి రెండు బల్లలు. కింది బల్ల మీద వెచ్చగా ఉంటుంది. పై బల్ల మీద మనిషి ఉడుకుతాడు.

మధ్యాహ్నం పొయ్యి ఇంకా అందుకోకముందే ఐలీ బంతి కన్నాలకి టేపు వేసి, తాడు చుట్టలా చేసి కింది బల్ల మీద దాన్ని కూర్చోబెట్టింది. థర్మామీటరు పక్కనే పెట్టుకుంది. నూట ఇరవై డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు. పావుగంట గడిచేసరికి ఆకుపచ్చ బంతి మీద సన్నటి బొట్లు లేచాయి. గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి, మళ్ళీ కూర్చోబెట్టింది. నాలుగోసారి తుడిచేసరికి గుడ్డ జిడ్డోడుతోంది. ఇంకొక్క గంట, తర్వాత గదిలోనే నెమ్మదిగా చల్లారితే చాలు.

అప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. భుజాల మీద మంచుతో, చేతుల్లో పెద్ద అట్టపెట్టెతో జోరీ నిలబడి ఉన్నాడు.

"రోగిని చూసి పోదామని వచ్చాను," అన్నాడు. పెట్టె నిండా పేస్టీలున్నాయి.

ఐలీ వాళ్ళ నాన్నమ్మని ఇంట్లో అందరూ ముమ్ము అంటారు. ఆవిడ జోరీని కుర్చీలో కూలేసి, కాఫీ, యాలకుల రొట్టె ముందు పెట్టి, పేస్టీ ఒకటి విరిచి లోపలికి తొంగిచూసింది. క్యారెట్ ఏదని అడిగింది. క్యారెట్ వేస్తే అది పేస్టీ కాదని వాళ్ళమ్మ అంటుందని జోరీ వినయంగా చెప్పాడు. వాళ్ళమ్మని ఒకసారి తనతో మాట్లాడమని చెప్పి, ముమ్ము శాలువా కప్పుకుని పెరట్లోకి వెళ్ళింది. వెళుతూ ఆ బంతి ఎవరిదని అడిగింది. జోరీదని, దాన్ని కదపొద్దని ఐలీ చెప్పింది. ముమ్ము తలూపింది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. గడియారం చాలా చప్పుడు చేస్తోంది. జోరీ రొట్టె బావుందన్నాడు. ఐలీ అవునంది. మంచు ఎక్కువగా పడుతోందన్నాడు. అవునంది. ఇంత చలిలో ఉత్తరాలు ఆలస్యమవుతాయా అన్నాడు. ఆ మాటకి ఐలీకి ఆ అందమైన అమ్మాయి గుర్తొచ్చింది. కావని కొంచెం పుల్లగా జవాబిచ్చింది. అలా ముప్పావుగంట గడిచింది. ఇద్దరికీ ఐదు నిమిషాల్లా ఉంది.

తర్వాత జరిగింది ఇద్దరూ కిటికీలోంచి ఒకేసారి చూశారు.

సౌనా తలుపు తెరుచుకుని, నడుముకి తువ్వాలు మాత్రం చుట్టుకున్న రేనో ఒళ్ళంతా ఆవిర్లతో బయటికొచ్చాడు. చంకలో ఆకుపచ్చ బంతి ఉంది. ఆ ఇంటి మగవాళ్ళు సౌనాలోంచి వచ్చి ఎక్కడ దొర్లుతారో సరిగ్గా అక్కడ, మోకాలిలోతు మంచులో, దాన్ని మెల్లగా పడుకోబెట్టాడు. కాలితో అటు ఒకసారి, ఇటు ఒకసారి దొర్లించాడు.

టప్.

ఐలీ మేజోళ్ళతోనే మంచులోకి పరుగెత్తింది. బంతి కన్నాల దగ్గర మొదలై నడుము చుట్టూ బీట తీసింది. బీటలో వేలి గోరు పడుతోంది.

"కదపొద్దన్నానుగా, ముమ్ము."

సౌనా గుమ్మంలో నిలబడ్డ ముమ్ముకి ఇందులో తప్పేమీ కనపడలేదు. "జోరీదన్నావుగా, అంటే అతిథే. అతిథిని కింది బల్ల మీద కూర్చోబెడతామా? నలుగురూ వింటే ఏమనుకుంటారు? పై బల్ల మీద పెట్టాను. స్నానంలో ఒళ్ళు తట్టుకునే కొమ్మల కట్టతో నాలుగు తగిలించమని మీ నాన్నకి చెప్పాను. అన్నీ మర్యాదగానే జరిగాయి."

రేనో నేల చూపులు చూస్తూ, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని, రాళ్ళ మీద నీళ్ళు మాత్రం తను ఎక్కువ పొయ్యలేదని గొణిగాడు.

ఐలీ జోరీ వైపు తిరిగింది. అతని పెదవులు బిగుసుకుపోయాయి. ముఖం కందగడ్డలా ఉంది. పర్లేదని ఎటో చూస్తూ అన్నాడు. బంతిని ఎత్తుకుని, వెనక్కి తిరక్కుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఐలీ కాఫీ కూడా ముట్టలేదు. అరిచి ఉంటే బావుండేది. అంత మౌనంగా వెళ్ళాడంటే ఇక మళ్ళీ మాట్లాడడని అర్థం. ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నా భరించగలదు. కౌంటరు దగ్గర ఆ ఒక్క స్టాంపు అడిగే గొంతు ఇక వినపడదేమో అన్నదే తట్టుకోలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. కథ ఆమెకంటే ముందే అక్కడికి చేరింది. పోస్టాఫీసువాళ్ళు పేస్టీవాడి బంతిని పులుసు పెట్టారని ఎవరో అన్నారు. జోరీ అరలోంచి హాలు బంతి ఒకటి తీసుకుని బొటనవేలు దూర్చి చూస్తున్నాడు. పిల్లల పుట్టినరోజు పార్టీల్లో వాడే ఆ బంతి మలుపు తిరగడమన్నది ఎరగదు.

ఐలీ తన సంచీ జిప్పు తియ్యలేదు. బంతులు వేసే అరుగు మీదికి ఎక్కింది. హాలంతా వినపడేలా చెప్పింది.

"నిన్న మా ఇంట్లో జోరీ బంతి పగిలింది. పగలదని మాటిచ్చింది నేను. ఇవాళ నేను కూడా హాలు బంతితోనే ఆడతాను."

ఆ ఊళ్ళో ఆమె అంత పొడుగు మాట మాట్లాడడం ఎవరూ వినలేదు. పోస్టుమాస్టరు విల్మా మాత్రం ఆమె మోచెయ్యి పట్టుకుని, "మాట నీదే తల్లీ, కప్పు మాత్రం నలుగురిదీ," అని నిట్టూర్చింది. అదీ నిజమే. ఐలీ తలొంచుకుంది. బంతి మాత్రం మార్చలేదు.

ఇద్దరూ ఘోరంగా ఆడారు. జోరీ మొదటి బంతి లేన్ దిగి పక్క గాడిలో ప్రయాణం చేసింది. ఐలీ బంతి మధ్యలో పడుకుంటుందేమో అన్నంత తీరిగ్గా వెళ్ళి ఒక్క పిన్నుని పలకరించింది. జోరీ చప్పట్లు కొట్టాడు. మూడో వంతుకి ఐలీకి నవ్వు ఆగలేదు. ఆరో వంతుకి హాలంతా గాడిలో పడ్డ ప్రతి బంతికీ కేకలేస్తోంది. చివరికి పోస్టాఫీసు నాలుగు పిన్నుల తేడాతో ఓడిపోయింది. కప్పు ఏడో ఏడు కూడా పేస్టీల దుకాణానికే పోయింది.

కోట్లు తగిలించే మూల జోరీ ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"నిన్న ఎందుకలా వెళ్ళిపోయానో తెలుసా?"

"కోపం వచ్చి."

"మీ నాన్న తువ్వాలు జారిపోతోంది, ఐలీ. ఆయన దాన్ని చూడటంలేదు, నా బంతికి మర్యాదలు చేస్తున్నాడు. అక్కడ నవ్వితే ఇక మీ ఇంటి గడప తొక్కనివ్వరని పళ్ళు బిగపట్టుకుని వచ్చాను. మలుపు దాటాక కారాపి స్టీరింగ్ మీద పడి నవ్వాను. మంచు తీసే బండివాడు దిగొచ్చి, ఎవరు పోయారని అడిగాడు."

ఐలీ కొక్కెం మీంచి కోటు తీసుకుంది. "మరి బంతి?"

"బంతి ఇంకోటి వస్తుంది. బంతిని చూడటానికి ఎవరైనా రెండు డజన్ల పేస్టీలు తెస్తారా?"

ఐలీ కోటు బొత్తాం తప్పు కన్నంలో పెట్టుకుంది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననుకుంది. "ఆ అమ్మాయి ఏమనుకుంటుంది?"

"ఏ అమ్మాయి?"

"రోజూ ఉత్తరం రాస్తారుగా."

జోరీ ఆమె వైపు వింతగా చూసి పర్సు తీశాడు. అందులో నోట్ల కంటే స్టాంపులే ఎక్కువున్నాయి. ఒక్కటి కూడా అంటించలేదు.

"నేను ఈ చలికాలం ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. ఇంట్లో డబ్బా నిండా ఇవే. వెనక గది తలుపు తీసి ఉన్నప్పుడు నీ భుజం కనిపిస్తుంది. ఒక్కోరోజు చెయ్యి కూడా."

బయట మంచు పడుతోంది. ఐలీ చేతిలో టోపీ నలిగిపోతోంది. తను నూట పధ్నాలుగో పెట్టెలోకి ఎంత గట్టిగా బిల్లులు విసిరిందో గుర్తొచ్చి, ముందు ఏడుపు, దాని మీద నవ్వు వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది.

మంగళవారం ముమ్ము స్వయంగా పేస్టీల దుకాణానికి ఫోన్ చేసింది. శనివారం సౌనాకి రమ్మంది. ఆ ఇంట్లో శనివారానికి పిలిచారంటే ఊరికే పిలిచినట్టు కాదు, ఇంటి మనిషిని చేసుకుంటున్నట్టు. అది ఐలీకి తెలుసు, జోరీకి ఊళ్ళోవాళ్ళు చెప్పారు. దుకాణం కిటికీలో కప్పు పక్కనే బీటలిచ్చిన ఆకుపచ్చ బంతిని కూడా పెట్టుకున్న మనిషికి ఇక చెప్పేదేముంది?

శనివారం ముమ్ము చేసిన క్యారెట్ పేస్టీలు అతను రెండు తిన్నాడు. వాళ్ళమ్మకి మాత్రం చెప్పొద్దని బతిమాలాడు. ముమ్ము మూడోది కూడా వడ్డించింది.

ఆ తర్వాత మగవాళ్ళిద్దరూ సౌనాలోకి వెళ్ళారు. జోరీని ఎక్కడ కూర్చోబెట్టమన్నావని ఐలీ ముమ్ముని అడిగింది. అడగాలా అన్నట్టు చూసింది ముమ్ము.

ఐలీ వంటింటి కిటికీ దగ్గరే నిలబడింది. పది నిమిషాలు. పదిహేను. రాళ్ళ మీద నీళ్ళు పడిన సుయ్‌మన్న చప్పుడు పెరడు దాటి వినిపించింది. చివరికి తలుపు తెరుచుకుంది. ముందు రేనో వచ్చాడు. ఈసారి తువ్వాలుకి గట్టి ముడి ఉంది. వెనక జోరీ, బీటుదుంపలా ఎర్రగా, పొగలు కక్కుతూ వచ్చాడు. మంచుని చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. కిటికీ వైపు చూశాడు. కళ్ళు మూసుకుని పడిపోయాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి దొర్లాడు.

ఐలీ ఊపిరి బిగపట్టి విన్నది. ఏ చప్పుడూ లేదు.

"వీడు పగల్లేదే," అంది ముమ్ము తృప్తిగా. కాఫీ కప్పులు మూడు పెట్టబోయి, నాలుగు పెట్టింది.

ఐలీ అప్పటికే మందపాటి దుప్పటి తీసుకుని పెరట్లోకి పరుగెత్తింది. పళ్ళు టకటకలాడిస్తూ లేచి నిలబడ్డ జోరీ చుట్టూ దాన్ని చుట్టేసి, చివర్లు రెండూ తన పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఒక్కసారిగా చల్లారకూడదు. నెమ్మదిగా."

"నువ్వెలా అంటే అలా," అన్నాడు జోరీ. చేతులు దుప్పటి లోపలే ఉన్నాయి కాబట్టి, మంచు పట్టిన తలని ఆమె భుజం మీద ఆనించాడు.