బొమ్మ తలుపు

నూకాలు పదిహేడోసారి పిడి తిప్పింది. పదిహేడోసారీ బొమ్మ తలుపు సగం దిగి బిగుసుకుపోయింది.

పిల్లల బిగింపు పెట్టెలోని చిల్లుల పట్టీలు, పళ్ళచక్రాలు, మరలతో పొద్దుటినుంచీ కూర్చుని చేసిందది. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ కెరటకోట. దానికి పెట్టబోయే అసలు తలుపు నలభై మీటర్ల ఎత్తు. ఉప్పెన వస్తే అది దిగాలి. దిగకపోతే వెనక పల్లపు పేటల్లో ఉన్న లక్షమంది మునిగిపోతారు. ఆమె అక్క కుటుంబం ఉండేదీ అక్కడే. అన్ని నిర్ణయాలూ చేసే యంత్రం నిర్ణేత ఆ తలుపును తెరమీద కోటిసార్లు దింపి చూసి సమ్మతం అంది. ఇక కావలసింది తనిఖీదారు వేలిముద్ర ఒక్కటే. ఆ వేలు నూకాలుది. ఆ కచేరీలో మనుషులకు మిగిలినవి వేళ్ళే. బుర్రలు నిర్ణేతకు అప్పగించి ముప్పై ఏళ్ళయింది.

చేతినమూనాలు నిషిద్ధం. పై అధికారి సర్వేశ్వరం చూసి కేకలేయలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని, ఈ వయసులో బొమ్మలాటలేమిటని ఎగతాళి చేశాడు. మరలు వదులుగా ఉండి పట్టీ ఒరగడం వల్లే ఇది బిగుసుకుంటోందనీ, నిర్ణేత లెక్కలో వెంట్రుకవాసి వదులైనా లేదనీ వివరించాడు.

నూకాలుకు ఒళ్ళు మండింది.

"నాను సెప్పేదీ అదేనండి. ఉప్పుగాలికి రెండేళ్ళు పోతే అసలు తలుపు సీలలు కూడా ఇలాగే వదులైపోతాయి. మా నాయిన పడవ సుక్కానికి ఏటేటా సీలలు మార్చీవోడు. ఆ నిర్ణేతకి ఈ ఇసయం ఎవులు సెప్పారు?"

సర్వేశ్వరం పిడి అందుకుని తనే తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. మొహం పాలిపోయింది. అయినా సాయంత్రంలోగా వేలు పడకపోతే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నాడు, బతిమాలాడు కూడా. ఆమెకు అతని మీద జాలి కలిగింది గానీ జంకు కలగలేదు.

తిరస్కారానికి నిర్ణేత ఒప్పుకునే కారణాలు పద్నాలుగు. తెరమీద వరుసగా వచ్చాయి. చేత్తో తిప్పి చూశాననేది వాటిలో లేదు. అబద్ధానికైనా ఒకటి ఎంచమన్నాడు సర్వేశ్వరం. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది.

కారణం లేకుండా దస్త్రం వెనక్కి పోదు, వేలు లేకుండా ముందుకూ పోదు. నిర్ణేత గడువు గంట పెంచింది, మళ్ళీ పెంచింది. ఆ వెనక తీరం పొడుగునా రావలసిన దస్త్రాలన్నీ బారులు తీరి ఆగిపోయాయి. చివరికి పద్నాలుగు గళ్ళూ చెరిగిపోయి, తెరమీద ఎవరూ ఎన్నడూ చూడని ఒక్క మాట వచ్చింది. ఎందుకు?

"ఒక మనిసిని పంపు," అంది నూకాలు తెరతో. "తిప్పి సూపిస్తాను."