తడి టేబుల్ పరీక్ష

ఆ అమ్మాయి మొట్టమొదటిసారి అతని కళ్ళలోకి చూసి అన్న మాట "ఫెయిల్".

నమస్కారం లేదు, కూర్చోండి లేదు. చెవి వెనక పెన్సిలు, చేతిలో తడిగుడ్డ, కాళ్ళ దగ్గర బోర్లా పడి ఉన్న అతని సీటు. పసిపిల్లలు పెద్దవాళ్ళతో పాటు కూర్చుని తినడానికి డైనింగ్ టేబుల్ అంచుకి బిగించే సీటు అది. దానికి కాళ్ళుండవు. రెండు ఇనప చేతులతో టేబుల్ని పైనుంచీ కిందనుంచీ పట్టుకుని గాల్లో నిలబడుతుంది. నిలబడాలి. పెదనాన్నగారి వర్క్‌షాపులో ఏడాది పాటు గీసి, చెరిపి, మళ్ళీ గీసి దాన్ని తయారుచేసింది అతనే. ఇప్పుడు అది ఈ టెస్టింగ్ ల్యాబులో నేల చూపులు చూస్తోంది.

"ఫెయిలా? ఎలాగండీ? నేనే స్వయంగా దానికి వేలాడి చూశాను!"

"మీకెన్ని నెలలు?" అంది ఆమె.

మూల బల్ల దగ్గర కూర్చున్న ల్యాబ్ పెద్దాయన దగ్గు వచ్చినట్టు నటించాడు.

"టేబుల్ మీద నీళ్ళు పోశాను. మీ రబ్బరు జారింది. బాబు పడ్డాడు," అంది ఆమె.

"ఎవరి బాబు?" అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆమె చూపించింది. కాన్వాసు గుడ్డలో ఇసుక కుక్కిన బొమ్మ. పదిహేను కిలోలు. తల లేదు. ల్యాబులో అందరికీ ఆ బొమ్మ బాబే. ఆమె వంగి బాబుని లేవదీసి, వీపు దులిపి, జాగ్రత్తగా బల్ల మీద కూర్చోబెట్టింది.

"అసలు టేబుల్ మీద నీళ్ళెందుకు పోశారండీ? ఇది కక్ష కాదూ?"

"పసిపిల్లలున్న ఇంట్లో పొడిగా ఉన్న టేబుల్ని మీరెప్పుడైనా చూశారా?"

సమాధానం కోసం అతను నోరు తెరిచాడు. ఇంట్లో అక్క కూతురు తినే టేబుల్ గుర్తొచ్చింది. మూసేశాడు.

తిరిగి వెళ్తూ బస్సులో ఆమెకి 'ఫెయిల్ మేడం' అని పేరు పెట్టాడు. కోపంతోనే పెట్టాడు. కానీ ఇల్లు చేరేదాకా గుర్తొచ్చింది మాత్రం ఆమె గడ్డం మీది చిన్న గీత. మాట్లాడినప్పుడల్లా అది సొట్టలాగా లోపలికి పోతుంది. ఫెయిలైనవాడు రబ్బరు గురించి ఆలోచించాలి గానీ గడ్డం గురించెందుకయ్యా అని మీరడగొచ్చు. ఆ తెలివే ఉంటే ఈ కథే లేదు.

రెండు వారాల తర్వాత కొత్త రబ్బరుతో వచ్చాడు. ఆమె నీళ్ళు పోసింది, నూనె పోసింది. సీటు కదల్లేదు. అతను ఛాతీ విరుచుకున్నాడు.

ఆమె బాబు కాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. బాబు నడుం బెల్టు కిందనుంచి సర్రున జారి ఆమె ఒళ్ళో పడ్డాడు.

"నడుముకి రెండు పక్కలా బెల్టులున్నాయి. కాళ్ళ మధ్య లేదు. ఫెయిల్."

"మీ బాబుకి అలా జారిపోయే అలవాటుందా మేడం?"

"మా బాబు బుద్ధిమంతుడు. మీ ఇంట్లో పిల్లలెలాంటివాళ్ళో నాకు తెలీదు."

అతని అక్క కూతురికి పది నెలలు. ఇంట్లో దాన్ని పిలిచే పేరు పిడుగు. అతను మారుమాట్లాడకుండా బొమ్మల కాగితం మీద మూడో బెల్టు గీసుకున్నాడు.

మూడోసారి ఆమె సీటుని యంత్రానికి తగిలించి వెయ్యిసార్లు ఊపింది. ఎనిమిది వందల చిల్లర దగ్గర సీటుని బిగించే మర వదులైంది.

"వదులవడం ఒక తప్పు. వదులైందని చూసేవాళ్ళకి తెలియకపోవడం ఇంకో తప్పు. పిల్లాణ్ణి కూర్చోబెట్టే తల్లికి కంటితో చూడగానే తెలియాలి, బిగిసిందో లేదో."

"మీరు చెప్పిందాంట్లో న్యాయముంది," అన్నాడతను. తనే ఆశ్చర్యపోయాడు. "పోనీ, టీ తాగుతూ ఇంకొంచెం వివరంగా చెప్తారా?"

ఆమె నేల మీద పసుపు గీత చూపించింది. గీతకి ఇవతల వస్తువు తెచ్చినవాళ్ళు, అవతల పరీక్షించేవాళ్ళు.

"ఫైలు నా దగ్గరున్నంత కాలం మీ దగ్గర టీ చుక్క కూడా తీసుకోకూడదు. రూలు."

"బిస్కెట్టు?"

"తీసుకోకూడదు."

"పోనీ మంచినీళ్ళు?"

"మా కూలర్ ఉంది."

అంటే సీటు పాసైతేనే ఫైలు కదులుతుంది. ఫైలు కదిలితేనే టీ. టీ అయితేనే మనసులో మాట. తన బతుకంతా ఒక మర మీద ఆధారపడి ఉందని అతనికి ఆ క్షణంలో అర్థమైంది.

ఇంటికొచ్చి అద్దం ముందు దువ్వెన పట్టుకున్న తమ్ముణ్ణి చూసి అక్క అంది, "ఒరేయ్, నువ్వెళ్ళేది పాస్ చేయించుకోడానికా, ఫెయిల్ చేయించుకోడానికా? ఫెయిలైన కొద్దీ నున్నగా తయారవుతున్నావు."

"నీకెందుకే?"

"నాకెందుకంటావేంట్రా? ఈ రెండు గదుల ఇంట్లో పెద్ద కుర్చీ పెట్టే చోటు లేకే కదా సీటు చేస్తానన్నావు! నువ్వు ప్రేమలో పడు, కాదనను. నా కూతురు మాత్రం పడకూడదు."

నాలుగోసారి సీటు అప్పజెప్పి బయటికి వచ్చేసరికి వాన. గేటు దగ్గర షెడ్డు కింద ఆమె. గొడుగు లేదు. అతని దగ్గరుంది. దేవుడు ఇంత స్పష్టంగా చెప్పడం అతని జీవితంలో అదే మొదటిసారి.

"రండి మేడం, బస్టాపు దాకా."

"క్లయింటు గొడుగు. కుదరదు." ఆమె బ్యాగు నెత్తిన పెట్టుకుని వానలోకి నడిచింది.

అతను ఒక్క క్షణం ఆగాడు. గొడుగు మూశాడు. చంకలో పెట్టుకుని ఆమె పక్కన తడుస్తూ నడిచాడు.

"మీకేమైందండీ? గొడుగు మీదే కదా!"

"మీరు తడుస్తుంటే నేను గొడుగు కింద నడిస్తే బాగోదు. మీరు నా గొడుగు కిందికొస్తే రూలు ఒప్పుకోదు. ఇద్దరం తడిస్తే ఏ రూలూ అడ్డం రాదు."

ఆమె నవ్వింది. మొదట ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, రోడ్డు మధ్య నిలబడి మరీ నవ్వింది. ఎదురుగా గొడుగుల కింద వస్తున్నవాళ్ళు ఈ ఇద్దర్నీ, ఆ మూసిన గొడుగునీ వింతగా చూశారు.

"మీరు నవ్వితే గడ్డం మీద సొట్ట భలే ఉంటుందండీ," అనేశాడతను. అని నాలుక కరుచుకున్నాడు.

"సొట్ట కాదు. కుట్లు." ఆమె గొంతులో కోపం లేదు. "ఏడాది వయసులో నన్ను ఇలాంటి సీటులోనే కూర్చోబెట్టేవారట. ఎక్కడ పడతానోనని మా నాన్న భద్రత కోసం కింద ఒక కుర్చీ పెట్టారు. నేను ఆ కుర్చీ మీద కాళ్ళు తన్నిపెట్టి లేచాను. సీటు టేబుల్ నుంచి ఊడొచ్చింది. మా నాన్న ఇప్పటికీ ఈ గీత చూసినప్పుడల్లా మొహం తిప్పుకుంటారు."

ఇన్నాళ్ళూ తను మురిసిపోయింది దేన్ని చూసో తెలిసి అతని గుండె కలుక్కుమంది. బస్సొచ్చి ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి సీటు వెనక్కి తెచ్చుకున్నాడు. పది రోజులు వర్క్‌షాపు వదల్లేదు. కింది ఇనప చెయ్యి కింద ఒక కొక్కెం పెట్టాడు. కిందనుంచి ఎవరెంత తన్నినా అది ఇంకా బిగుసుకుంటుంది గానీ వదలదు. మర పూర్తిగా బిగిస్తే ఆకుపచ్చ గుర్తు, లేకపోతే ఎరుపు. పక్కన పెద్ద స్టిక్కరు: అద్దం టేబుల్ వద్దు, ఒంటికాలు టేబుల్ వద్దు, టేబుల్ మీద గుడ్డ వద్దు, సీటు కింద కుర్చీ వద్దు.

ఆమె అన్నీ చేసింది. నీళ్ళు, నూనె, కాళ్ళు లాగడం, వెయ్యి ఊపులు. ఆఖరికి బల్ల కింద దూరి సీటుని పైకి తన్నే పరీక్ష పెట్టింది. ఒకసారి, రెండుసార్లు, యాభైసార్లు. కొక్కెం బిగుసుకుంది. బాబు కదల్లేదు.

ఆమె బల్ల కిందనుంచి బయటికి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము. పెన్ను తీసింది. కాగితం మీద పెట్టింది. అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది మేడం?"

"నేనివాళ సంతకం పెట్టలేను," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

రెండ్రోజులకి ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. ఫైలు వేరేవారికి బదిలీ అయింది. పరీక్షలన్నీ మొదటినుంచీ మళ్ళీ. మూడు వారాలు పడుతుంది. పాత టెస్టరు తనే తప్పుకుంటానని రాసిచ్చింది.

"నన్ను వదిలించుకుందే అక్కా," అన్నాడతను కుర్చీలో కూలబడి. "గడ్డం గురించి మాట్లాడకుండా ఉండాల్సింది."

"నోరుంది కదా, వెళ్ళి అడుగు," అంది అక్క. పిడుగు చెంచా విసిరి తన అభిప్రాయం తనూ చెప్పింది.

వెళ్ళాడు. పెద్దాయన అతణ్ణి కూర్చోబెట్టి, బదిలీకి ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలని ఒక కాగితం ముందుకి తోశాడు. "సంతకానికి ముందు చదవండి. ముఖ్యంగా కింది భాగం. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఫారం నింపిస్తున్నాను, ఇంత నిజాయితీగా రాసినవాళ్ళని చూళ్ళేదు."

అతను చదివాడు.

'పరీక్షిస్తున్న వస్తువుతో సంబంధం: లేదు.

తయారుచేసిన వ్యక్తితో సంబంధం: ఇంకా లేదు.

తప్పుకోవడానికి కారణం: ఆఖరి పరీక్షలో ఈ సీటు పడిపోకూడదని నేను మనసులో కోరుకున్నాను. పరీక్షించేవారు అలా కోరుకోకూడదు. ఈ సీటులో నిజం పిల్లలు కూర్చుంటారు. కాబట్టి ఎవరైనా ఇష్టం లేనివారు మళ్ళీ పరీక్షించాలి.'

'ఇంకా' అన్న మాట దగ్గర అతను ఐదుసార్లు ఆగాడు.

"ఇష్టం లేనివారెవరండీ?" అన్నాడు ఎట్టకేలకి.

"నేనే," అన్నాడు పెద్దాయన సంతోషంగా.

ఆమె క్యాంటీన్లో ఒక్కతే కూర్చుని ఉంది. అతన్ని చూసి చప్పున లేచింది. మొదటిసారి ఆమె నీళ్ళు నమిలింది.

"మూడు వారాలు ఆలస్యం చేశాను. కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడే పోయింది. ఫైలు మీ దగ్గర లేదు కదా, టీ తాగుదామా?"

"రిజల్టు రానివ్వండి. ఇప్పుడు తాగితే పెద్దాయన చేతి కింద పనిచేసే అమ్మాయికి టీ పోశారంటారు. నాకు మీ టీ మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదు."

ఆ మూడు వారాలూ అతను ఇంట్లో కూడా టీ ముట్టలేదు. కారణమేమీ లేదు, పంతం. పెద్దాయన సీటుని పాస్ చేశాడు. స్టిక్కరు మీద అక్షరాలు ఇంకొంచెం పెద్దవి ఉండాలని రాసి మరీ పాస్ చేశాడు.

ఆదివారం సాయంత్రం ఆమె వాళ్ళింటికి టీకి వస్తానంది. అతను బస్టాపుకి ఎదురెళ్ళాడు. అతనటు వెళ్ళగానే అతని తల్లి, వచ్చే పిల్ల ఏమనుకుంటుందోనని, పెట్టెలోంచి మంచి గుడ్డ తీసి టేబుల్ మీద పరిచింది. దాని మీదే సీటు బిగించింది. మనవరాల్ని అందులో కూర్చోబెట్టి, పడకుండా కింద ఒక కుర్చీ కూడా వేసింది. స్టిక్కరు గుడ్డ మడతలో దాక్కుంది.

ఆమె లోపలికి వచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. టేబుల్ చూసింది. అంతే, చేతులు ఆగలేదు. పిడుగుని ఎత్తి అతనికి అందించి, సీటు విప్పి, గుడ్డ లాగేసి, కుర్చీ అవతల పెట్టి, మళ్ళీ బిగించి, ఆకుపచ్చ గుర్తు చూసుకుని, కిందికీ పక్కకీ పైకీ మూడుసార్లు లాగి, పిడుగుని కూర్చోబెట్టి మూడు బెల్టులూ పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, తను చుట్టపుచూపుగా వచ్చానని.

తల్లి మొహం మాడిపోయింది.

అప్పుడే పిడుగు రెండు కాళ్ళూ చాపి, ఇందాక కుర్చీ ఉన్న చోట బలంగా తన్నింది. గాలి తగిలింది. మళ్ళీ తన్నింది. అందరూ ఆ చిన్ని పాదాల్నే చూస్తున్నారు.

"నేను... భద్రత కోసమే పెట్టానమ్మా," అంది తల్లి, గొంతు తగ్గించి.

"మా నాన్న కూడా అందుకే పెట్టారండీ," అని ఆమె గడ్డం మీది గీత చూపించింది.

తల్లి దగ్గరికొచ్చి ఆ గడ్డం పట్టుకుని చూసింది. కళ్ళు చెమర్చాయి. "ఈ ఇంట్లో ఎవరేం చెయ్యాలన్నా నా మాటే చివరిమాట తల్లీ. ఇవాళ్టి నుంచి ఈ టేబుల్ సంగతి నీది." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నిలబడి చూస్తావేంట్రా? టీ తీసుకురా!"

తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ వాన. ఈసారి ఆమె అతని గొడుగు కిందికి వచ్చింది. రోడ్డు దాటాల్సిన చోట అతను చెయ్యి చాచాడు. ఆమె పట్టుకుంది. పట్టుకుని కిందికొకసారి లాగింది. పక్కకొకసారి. పైకొకసారి. అతను వదల్లేదు.

"పాసేనా మేడం?"

"తొందరేంటి? పొడిగా ఉన్నప్పుడు అందరూ గట్టిగానే పట్టుకుంటారు."

ఆమె రెండో చేత్తో అతని దగ్గర గొడుగు తీసుకుని మూసేసింది. పట్టుకున్న చేతుల మీద వాన ధారలుగా కారింది.

"ఇప్పుడు లాగుతాను," అంది ఆమె. "వదలకండి."