గుండ్లరేవు మీద తెల్లచాప

గద్వాల చీరల మూట ఒళ్ళో పెట్టుకున్న మనిషి బస్సు దిగకముందే చచ్చిపోయాడు.

పొద్దున తొమ్మిదింటికి ఆత్మకూరు బస్సు గద్వాల బస్టాండులో ఆగింది. అందరూ దిగినా చివరి సీట్లో ఆ మనిషి కదల్లేదు. కండక్టర్ భుజం తట్టి, "లే భాయ్, గద్వాల వచ్చింది" అన్నాడు. మనిషి పక్కకు ఒరిగాడు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది. పాయిజన్ నీడిల్.

చీరల వ్యాపారిగా తిరుగుతున్న అతని అసలు పేరు తౌఫీక్. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఏజెంట్ ఫోర్. మూటలో మూడో చీర మడతలో కాగితం దొరికింది. దాని మీద రాసింది ఇంతే: "తెల్లచాప. చెక్క వెనక. సోమవారం."

అది 2007 ఆగస్టు. ఆ రోజే సోమవారం.

పదకొండింటికి వనపర్తిలో ఒక గెస్ట్ హౌస్ గదిలో చీఫ్ నరేందర్ ఎదుట ఏజెంట్ సెవెన్ కూర్చున్నాడు. సెవెన్ అసలు పేరు మహిపాల్. వయసు ఇరవై తొమ్మిది. చీఫ్ టీ చల్లారితే అరుస్తాడు, ఏజెంట్ చస్తే నోరు విప్పడు. ఆ రోజు టీ చల్లారినా అరవలేదు.

"జూరాల రిజర్వాయర్‌లో తెల్లచాప అని ఒక సెయిల్ బోట్ ఉంది. ఓనర్ విక్టర్. ఫారినర్. పక్షుల మీద రీసెర్చ్ అని పర్మిషన్ తెచ్చుకున్నాడు."

"అసలు పని?"

"క్యాబిన్ అలమరాల వెనక ఎక్స్‌ప్లోజివ్స్, టైమర్. మధ్యాహ్నం పడవను డ్యామ్ గేట్ల దగ్గర కడతారు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. గేట్లు పోతే కింద మొదటి ఊరు..."

"కొత్త గుండ్లరేవు," అన్నాడు మహిపాల్.

మహిపాల్ తల్లి జములమ్మ ఉండేది అక్కడే. పాత గుండ్లరేవు పన్నెండేళ్ళ కింద రిజర్వాయర్‌లో మునిగిపోయింది. జనాన్ని తెచ్చి డ్యామ్ కింద కొత్త ఊళ్ళో పెట్టారు. ఇప్పుడా ఊరు రెండోసారి మునగబోతోంది.

"ఊరు ఖాళీ చేయిద్దాం సార్."

"లారీలు కదిలితే విక్టర్‌కు తెలుస్తుంది. అప్పటికప్పుడే పేల్చేస్తాడు. పడవలో మన మనిషి ఒకామె ఉంది. అర్చన. వాడి ఇంటర్‌ప్రెటర్. టైమర్ నాలుగున్నరకు పెట్టారని ఆమే చెప్పింది. వానల తడికి అలమరా పట్టేసిందని వంక పెట్టి, దాన్ని చేసిన వడ్రంగి, ఆ వడ్లాయననే పిలిపించింది. నువ్వు ఆయన పనివాడివి."

"ఎవరా వడ్లాయన?"

"ఆత్మకూరు వెంకట్రాములు."

మహిపాల్‌కు ఆ పేరు తెలుసు. తన తండ్రి సవారన్నను ప్రాణాలతో చివరిసారి చూసినవాడు ఆ వెంకట్రాములే.

ఊళ్ళోకి నీళ్ళు ఎక్కుతున్న వారం అది. ఇంటి టేకు తలుపు విప్పి తెచ్చుకుందాం, ఆదివారం రమ్మని సవారన్న కబురు పెట్టాడు. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మహిపాల్ పరీక్షలున్నాయని రాలేదు. సవారన్న వెంకట్రాములును తోడు తీసుకుని పోయాడు. వెంకట్రాములు ఒక్కడే తిరిగి వచ్చాడు. శవం దొరకలేదు. ఆ రోజు ఏం జరిగిందో మహిపాల్ పన్నెండేళ్ళుగా అతన్ని అడగలేదు. అడిగితే నువ్వెందుకు రాలేదని ఎదురు ప్రశ్న వస్తుందని భయం. తుపాకీకి భయపడని మనిషికి ఆ ఒక్క ప్రశ్నంటే భయం.

రెండున్నరకు ఇద్దరూ జూరాల గట్టు మీద నిలబడ్డారు. మహిపాల్ లుంగీ కట్టి, చెవి మీద పెన్సిల్ పెట్టి, నాలుగు రోజుల గడ్డం అతికించుకున్నాడు. చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్. డిపార్ట్‌మెంట్ మేకప్ మ్యాన్ చాలా మెచ్చుకున్న వేషం అది. వెంకట్రాములు ఒక్క చూపులోనే పట్టేశాడు.

"సవారన్న కొడుకువు గాదా నువ్వు? నడక గట్లనే ఉంది."

"పని మీద వచ్చినం మామా. పని చూద్దాం."

"సరే బిడ్డా," అని ముసలాయన పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

తెల్లచాప పడవ గేట్లకు యాభై గజాల దూరంలో లంగరు వేసి ఉంది. అర్చన గుండ్రటి పుట్టి పడవలో ఎదురొచ్చింది. నీలం చీర, నల్ల కళ్ళద్దాలు. ఆమె చెయ్యి ఊపితే గట్టు మీది చేపలవాళ్ళు వలలు మరిచిపోయారు.

"బొచ్చె చేపలు బాగా పడుతున్నాయా?" అంది. కోడ్ అది.

"వాన పడితే పడతయి," అన్నాడు మహిపాల్.

"రండి. విక్టర్ లాంచీలో అవతలి గట్టుకు పోయాడు. గంటన్నరకు పైగా టైముంది."

క్యాబిన్‌లోకి మూడు మెట్లు దిగాలి. లోపల మంచం, బల్ల, గోడ పొడవునా అలమరాలు, అన్నీ గోడకే బిగించి కట్టిన టేకు పని. మహిపాల్ చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. అప్పుడు వినిపించింది. పడవ అడుగు నుంచి. టక్, టక్, టక్. ఆగి, మళ్ళీ టక్. కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు.

"ఏం శబ్దం మామా అది?"

"మొద్దు ఏదన్న కొట్టుకపోతున్నదేమో," అన్నాడు వెంకట్రాములు. అతని చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "మనం యాడున్నమో తెల్సునా? మన ఊరి మీదనే. ఈ కింద మీ వాడకట్టే."

మహిపాల్ కాళ్ళ కిందికి చూశాడు. నలభై అడుగుల లోతున తన ఇంటి గడప ఉంది. ఎక్కడో దానికి దగ్గర్లోనే నాన్న ఉన్నాడు.

వెంకట్రాములు పనిలోకి దిగాడు. "సూడు. గీ స్క్రూలు నేను పెట్టినయి గావు. తర్వాత ఆ దొర మనుషులు కొట్టిన్రు. ఎనక సన్నటి తీగ ఉంది. స్క్రూ తిప్పినా, రంపం పెట్టినా పేల్తది. నా కొయ్య చీలల సంగతి వాళ్ళకు తెల్వదు. అవి వరుసగ గుంజితే స్క్రూలు గట్లనే ఉంటయి, పలక మొత్తం ఊడొస్తది."

అంచు కింద ప్రతి పలకకూ ఉలితో కొట్టిన గాట్లున్నాయి. ఒకదానికి ఒకటి, తర్వాతిదానికి రెండు. ఊళ్ళు మునిగిన రోజుల్లో ఇళ్ళు విప్పి మోసుకుపోయి మళ్ళీ నిలబెట్టడానికి వడ్లవాళ్ళు వేసుకున్న గుర్తులవి.

"పడవకు కూడా గాట్లు ఎందుకు మామా?"

"అలవాటైంది. ఇప్పరానిది ఏదీ కట్టను."

తీగ ఎటు పోతుందో వెతుక్కుంటూ ఎనిమిది పలకలు విప్పేసరికి గంట పట్టింది. తొమ్మిదో పలక జరగగానే లోపల ఎర్రటి అంకెలు కనిపించాయి. చెయ్యి పట్టేంత సందు లేదు, చూపుకు మాత్రమే సందు. మహిపాల్ తన గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై ఎనిమిది. టైమర్‌లో మిగిలింది పన్నెండు నిమిషాలు.

"అర్చనా! నాలుగున్నర కాదు, నాలుగు!"

మెట్ల పైన ఆమె చేతిలో చిన్న పిస్టల్ ఉంది. దాన్ని గాజులు తొడుక్కున్నంత అలవాటుగా పట్టుకుంది.

"సారీ సెవెన్. తౌఫీక్‌కు కూడా ఇలాగే సారీ చెప్పాను. ఆ అలమరాను విప్పగలిగేవాళ్ళు లేరని విక్టర్ మాట ఇచ్చాడు. మీరిద్దరూ లోపలుంటే, రేపు పేపర్లో నేరం మీదే అవుతుంది."

పైతలుపు మూసుకుంది. గడియ పడింది. లాంచీ ఇంజన్ దగ్గరకొచ్చి, దూరమైంది.

మహిపాల్ గడియారం నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "చీఫ్! అర్చన వాళ్ళ మనిషి. అవతలి గట్టు కాయండి!" తర్వాత వెంకట్రాములు వైపు తిరిగాడు. "పై తలుపు?"

"అదీ నేను చేసిందే. రెండు నిమిషాలల్ల ఇప్పుత. దుంకి ఈదితే మనిద్దరం బతుకుతం."

"ఇక్కడ ఎన్ని మిగిలాయి?"

"పది పలకలు. తీగ దారి తెల్సింది. పది నిమిషాలు."

కింద నుంచి టక్, టక్ అని వినిపిస్తూనే ఉంది. ముసలాయన పైతలుపు వైపు తిరగలేదు. ఉలి తీసుకుని అలమరా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేను పోయిన బిడ్డా. గిప్పుడు పోను."

పదో పలక ఊడింది. పదకొండు. మహిపాల్ పలకలు అందుకుని మంచం మీద పేరుస్తున్నాడు. పన్నెండేళ్ళు గొంతులో ఉన్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

"ఆ రోజు ఏమైంది మామా?"

"మీ ఇంటి తలుపు బిగించింది నేనే. ఏనుగు గుంజినా రాకుండ దిగగొట్టిన. వయసుల ఉన్న, పొగరు. ఆ పొద్దు అన్ని చీలలు వచ్చినయి, ఒక్కటి రాలే. నీళ్ళు నడుముకొచ్చినయి. మీ నాయిన, ఒక్క చీల ఎంకట్రాములూ, నువ్వు నడువు, నేనొస్త అన్నడు. నేను నడిచిన." ఉలి ఆగలేదు. "అప్పటిసంది ఏది చేసినా, ఆఖరి చీల చేత్తోని వచ్చేటట్టు పెడ్త."

"నాన్న రమ్మన్న రోజు నేను రాలేదు మామా. వచ్చి ఉంటే..."

"వచ్చుంటే ముగ్గురముంటిమి. చీల అప్పుడు గూడ వచ్చేది గాదు. అది నా చెయ్యి చేసిన తప్పు, నీది గాదు."

మహిపాల్ కళ్ళు మసకబారాయి. ఏడవడానికి టైము లేదు. మూడు నిమిషాలే ఉన్నాయి.

పద్దెనిమిది. ఒక్క నిమిషం. చివరి పలక మిగతావాటిలా లేదు. వెడల్పుగా, నల్లగా, పాతగా ఉంది. పైన ఇనుప కడియం ఉండిన చోట గుండ్రటి మరక. మహిపాల్ వేళ్ళు దాని మీద ఆగిపోయాయి. చిన్నప్పుడు రోజూ సాయంత్రం ఆ కడియం మోగించి అమ్మను పిలిచేవాడు.

"మా తలుపు."

"రెండేండ్ల కింద ఎండకాలంల నీళ్ళు తగ్గితే తవ్వి తీసిన. మీ అమ్మకిచ్చే ధైర్నం రాలే. దొర మంచి టేకు కావాలన్నడు. నీళ్ళ మీదనన్న ఊరి చుట్టూ తిరుగుతదని పెట్టిన. గుంజు బిడ్డా. నువ్వే గుంజు."

మహిపాల్ చీల పట్టుకుని లాగాడు. చేతికి వచ్చేసింది. తలుపు పక్కకు ఒరిగింది. ఏడు సెకన్లు. లోపలికి చెయ్యి దూర్చాడు. బ్యాటరీ ప్లగ్ తడికి జారింది. నాలుగు. మళ్ళీ పట్టుకున్నాడు. రెండు. ప్లగ్ ఊడింది.

అంకెలు ఆరిపోయాయి. ఇద్దరూ కదలకుండా విన్నారు. పడవ అడుగున శబ్దం లేదు. నీళ్ళు మామూలుగా తగులుతున్నాయి, అంతే. వెంకట్రాములు తలుపు మీద నుదురు ఆనించి, "అన్నా, సవారన్నా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మహిపాల్ అతని వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చాడు.

అవతలి గట్టు మీద చేపలవాళ్ళ వేషంలో ఉన్న చీఫ్ మనుషులు విక్టర్‌ను, అర్చనను వలలు విసిరి పట్టుకున్నారు. అర్చన నల్ల కళ్ళద్దాలు బురదలో పడ్డాయి.

సాయంత్రం గెస్ట్ హౌస్‌లో చీఫ్ వేడి టీ తాగుతూ రిపోర్ట్ చదివాడు. ఒక చోట ఆగాడు.

"సెవెన్, స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో తలుపు ఒకటి తగ్గింది. ఎక్కడుంది?"

"ఓనర్‌కు పంపించాం సార్. మా మామ ఇప్పుడు మా అమ్మ ఇంటికి బిగిస్తున్నాడు."

"ఎవిడెన్సయ్యా అది! కోర్టు అడిగితే?"

"అడగనివ్వండి సార్," అన్నాడు మహిపాల్. "ఐదు నిమిషాల్లో ఊడొస్తుంది."