ఉప్పుకుండ గింజలు

దగ్గరికి జరగండర్రా. ఇది కొండల మధ్య పారే బాలే నది ఒడ్డున జరిగిన పగ కథ.

"ఏజెంట్ సెండీ! నీ అన్న ఉంగాంగ్‌ను చంపింది మన వెల్మాయే. డబుల్ ఏజెంట్!" వాచీ రేడియోలో చీఫ్ గరాయ్ అరిచాడు. "ఉప్పుకుండ గింజలు కాజేసి మధ్యాహ్నం పడవలో సరిహద్దు దాటేస్తోంది. ప్రాణాలతో కావాలి, తెలిసిందా?"

సెండీ రేవు దారి పట్టింది. కోపంతో పళ్లు పటపట కొరికింది.

ఉప్పుకుండ మామూలు మొక్క కాదు. ఉప్పు దొరకని ఆ కొండల్లో, చెమట నాకే ఈగల్నీ గబ్బిలాల్నీ కుండలాంటి ఆకులో పట్టి, మూత బిగించి మింగి బతుకుతుంది. ఆడమొక్క పదకొండేళ్లకోసారి గింజ కడుతుంది. ఆ మొక్క రసం చుక్క పడితే చాలు, కండ కరిగిపోతుంది. వెల్మాను కొన్న విదేశీ ముఠాకు కావలసిన ఆయుధం అదే. ఉంగాంగ్ పదేళ్లు దాని వెంట తిరిగి పుస్తకం రాశాడు. 'గింజ నీళ్లకు మొలవదు' అన్న వాక్యం దగ్గర తూటా తగిలింది.

రేవులో పంట పండుగకు వెళ్లే ఆడవాళ్లు ఇరవైమంది. అందరికీ అవే వెండి కిరీటాలు, అవే నేత లుంగీలు. మారువేషంలో వెల్మా వీళ్లలోనే ఉంది. సెండీ ముసలి వంటమనిషి వేషంలో అన్నం తట్ట పట్టుకుని వచ్చింది.

"ఒక్క ముద్ద తినండమ్మా!"

"అయ్యో అత్తా, ఇప్పుడే మెక్కొచ్చాం. ఇంకో ముద్ద పడితే పడవ మునుగుతుంది!"

నవ్వుతూనే ఒక్కొక్కరూ వేలితో అన్నం తాకి పెదవికి అద్దుకున్నారు. పెట్టిన కూడు తాకకుండా వద్దంటే మొసలి పాలవుతామని అక్కడివాళ్ల భయం.

చివరామె మాత్రం ముద్దుగా నవ్వి "వద్దత్తా" అంది. చెయ్యి కదపలేదు.

"దొరికావే, వెల్మా!"

వెల్మా పిస్టల్ బయటికి తీసింది. పడవ ఇంజను మొదలైంది.

"కదిలావో, నీ అన్న దగ్గరికే పంపిస్తా!" అంటూ వెల్మా పడవలోకి వెనక్కి అడుగేసింది. నెత్తిన ఎండ మండుతోంది. సిగలోంచి చెమట ధారగా కారింది. ఉన్నట్టుండి కెవ్వుమంది. సిగలో దాచిన గింజలు తలలోకి వేళ్లు దించాయి. పిస్టల్ జారి నదిలో పడింది.

"నీళ్లకు మొలవదని నీ అన్న రాశాడుగా!"

"ఉప్పుకు మొలుస్తుంది. ఇక్కడి పసిపిల్లలకు తెలిసిన ముక్కని రాసేదేముంది?" సెండీ తమలపాకుల సంచిలోంచి సున్నపుకాయ తీసింది. "ఇది పూస్తే ఆ మొలకలు చస్తాయి. ముందు మా అన్నను చంపిందెవరో అందరికీ వినబడేలా చెప్పు."

"పూయవే తల్లీ, చెబుతా!"

"తొందరేముంది? మా అన్న సాయంత్రందాకా కొట్టుకున్నాడు."

"నేనే చంపాను! నేనే!"

రేవంతా విన్నది. సెండీ ఇంకో మూడు ఊపిర్లు ఆగి, అప్పుడు పూసింది. మొలకల వేళ్లతోపాటు జుట్టూ ఊడొచ్చింది. గింజలన్నీ మాడిపోయాయి.

"ప్రాణాలతో తెమ్మంటే సగం తినేసిన మనిషిని తెచ్చావేంటమ్మాయ్?" అన్నాడు ఆఫీసులో చీఫ్.

"మిగతా సగం కోర్టు తింటుందిలెండి."

గుర్తుపెట్టుకోండర్రా, మీ పిల్లలకూ చెప్పండి. ఏ ముక్క మరిచినా ఫర్వాలేదు గాని, ఉంగాంగ్ పేరు మాత్రం వదలకండి.