మూల సిస్టమ్ దగ్గర ఎవరో దగ్గుతారు

మా పిన్ని పనిచేసే ప్రెస్సులో మూల గదికి మంచి పేరు లేదు. పగలు ఫర్వాలేదు. చీకటి పడ్డాక అక్కడి సిస్టమ్ ముందు కూర్చోమంటే ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు. గోడలోంచి దగ్గు వినిపిస్తుందట... ముసలి దగ్గు. పిన్నికి ముందున్న అమ్మాయి అది విని, చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోయిందట.

నేనైతే ఆ ఛాయలకే పోను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. పిన్ని చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆ ప్రెస్సు ఓనరుకి పనివాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు అనుమానంగారు. సొంత నీడని కూడా ఎక్కడికని అడిగే రకం. ఓ రోజు ఊరెళ్తూ పిన్నిని పిలిచాడు.

"మన డిజైన్లు పక్క ప్రెస్సుకి పోతున్నాయమ్మా. ఎవరి పనో నాకు తెలుసు." చూపంతా పిన్ని మీదే. "స్కూలు పుస్తకం పొద్దుటికి అవ్వకపోతే నువ్విక రానక్కర్లేదు."

పిన్ని జీతంతోనే ఆ ఇల్లు గడిచేది. ఏం చేస్తుంది పాపం! అందరూ వెళ్ళిపోయాక, పుస్తకం ఫైలున్న ఆ మూల సిస్టమ్ ముందే ఒక్కతే కూర్చుంది.

మధ్యలో సిస్టమ్‌ని నడిపే లినక్స్ ఏదో అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కింది. సిస్టమ్ ఆగి, మళ్ళీ లేచింది... స్క్రీన్ మీద ఏమీ లేదు. ఉత్త నీలం. బాణం గుర్తొక్కటే కదులుతోంది. కీబోర్డుతో పుస్తకం ఫైలు తెరిచింది. లోపల డిస్కు గరగరమంది గాని ఫైలు జాడ లేదు. బాణాన్ని కుడికి జరిపితే — అంచు దాటి ఎటో పోయింది.

అప్పుడు... దగ్గు.

పిన్ని కుర్చీలో వెనక్కి జరిగింది. దెయ్యమో, తనని ఇరికించడానికి ఎవడైనా ఆడుతున్న నాటకమో! కంప్యూటర్లు బాగుచేసే మా చిన్నమావయ్యకి ఫోన్ చేసి గుసగుసగా అంతా చెప్పింది.

"కంగారు పడకక్కా. అప్‌డేట్‌తో స్క్రీన్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ డ్రైవర్ మారినట్టుంది" అని మావయ్య కమాండ్లు కొట్టే నల్ల తెర తెప్పించి, ఏదో కమాండ్ టైపు చేయించాడు. "ఏమొచ్చింది?"

"రెండు చోట్ల కనెక్టెడ్ అనుందిరా."

"అక్కడ స్క్రీన్లెన్ని?"

"ఒకటే!"

మావయ్య గొంతు తగ్గించాడు.

"అక్కా... రెండోది ఇంకెక్కడో ఉంది. బాణం కుడికి పోయిందంటే, దాన్ని నీ కుడి పక్కనే అనుకుంటోంది."

కుడి పక్కన గోడ ఉంది.

"ఇన్నాళ్ళూ రెండింట్లో ఒకే బొమ్మ పడేదేమో. డ్రైవర్ మారాక రెండూ కలిసి ఒకే పొడుగాటి బల్లలా అయ్యాయి. నువ్వు తెరిచినవన్నీ ఆ చివర పడుతున్నాయి. వైరు ఎటెళ్తోందో చూడు."

కుడి గోడకున్న బీరువాని జరిపి, వెనక చెయ్యి పెట్టింది. వైరు... గోడ కన్నంలోకి. ఆ కన్నానికి కన్ను ఆనించింది.

గోడ అవతల ఓనరుగారిల్లే. చీకటి గదిలో ఓ స్క్రీన్, దాని నిండా పిన్ని చేస్తున్న స్కూలు పుస్తకం. ఎదురుగా దుప్పటి కప్పుకుని, కళ్ళు చిట్లించి చూస్తూ — ఊరెళ్ళిన అనుమానంగారు!

భయం పోయి పిన్నికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తన ప్రతి అక్షరాన్నీ చూస్తూ కూడా, తననే దొంగంటాడా!

మావయ్య చెప్పిన మీటలు నొక్కి పుస్తకాన్ని ఎడమకి లాక్కుంది. పని పూర్తి చేసి భద్రపరిచింది. అప్పుడు కొత్త పేజీ తెరిచి, ఇంతింత అక్షరాలు కొట్టి, దాన్ని కుడి అంచు దాటించి గోడ అవతలికి తోసింది.

"పుస్తకం అయిపోయింది ఓనరుగారూ. దగ్గు మందు వేసుకుని పడుకోండి."

గోడ అవతల దగ్గు సగంలో ఆగిపోయింది.

మర్నాడు అనుమానంగారు అప్పుడే బస్సు దిగినట్టు, చేతిలో పెట్టెతో సహా వచ్చాడు. పిన్ని లేచి నిలబడి, "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అంది.

ఆయనకి దగ్గు తన్నుకొస్తోందట. మొహం కందగడ్డయింది గాని, అక్కడున్నంతసేపూ దగ్గలేదట.