ఎవరూ మూయని పుట

ఉప్పాడ తీరంలో ఇళ్ళ గోడలే ఇప్పుడు తెరలు. పొద్దున్నే దీపం వెలిగించి గోడ ముట్టుకుంటే ఆనాటి పుట తెరుచుకుంటుంది. పూర్వం వెబ్ పేజీని ఎవరో ఒకరు రాసి పెట్టేవారు. శీర్షిక ఇక్కడ, బొమ్మ అక్కడ అని తెలిపే గుర్తులను, అంటే ట్యాగులను, చేత్తో పెట్టేవారు. అందరూ అదే చదివేవారు. ఇప్పుడు ఏ పుటా ముందుగా రాసి ఉండదు. మనిషి గోడ ముందు నిలబడ్డ క్షణంలో ‘పుటకర్త’ అనే ప్రోగ్రాము తన కోడ్ లోపలి నుంచే ట్యాగులను పుట్టించి, ఆ ఒక్కరి కోసం పుట అల్లుతుంది.

దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త సత్యవేణి ఆ ఊరి ఆడపడుచే. ఆ మధ్యాహ్నం కాకినాడ కేంద్రంలో ఆమె సహాయకుడు పేర్రాజు ఊరి కెమెరాల తెరల ముందు నుంచి కేకేశాడు.

"మేడమ్, సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందంటే ఒక్కరూ కదలరేంటండీ? అదుగో, అరుగు మీద పేకాట! ముక్కలు ఎగిరిపోతుంటే రాళ్ళు పెట్టి మరీ ఆడుతున్నారు!"

గాలికి ఫోన్లు అప్పటికే పోయాయి. భూమిలో తీగలున్న గోడలు, కెమెరాలే పనిచేస్తున్నాయి.

"హెచ్చరిక పెట్టావా?" సత్యవేణి పుటకర్తను అడిగింది.

"పొద్దున్నే పెట్టాను. దీపం దగ్గర ఆ మాటేమిటని మూసేశారు. గాలి కాస్త ఎక్కువని మార్చాను. దాన్నీ మూశారు. ఇప్పుడు ఎవరూ మూయడం లేదు."

"ఇప్పుడేముంది?"

"వాతావరణం ఆహ్లాదకరం అని ఉంది."

దీపం దగ్గర అశుభం పలకకూడదన్నది మనవాళ్ళ ఆచారం. సత్యవేణికీ ఆ పట్టింపు ఉంది. అందుకే, చూడగానే మూసేసిన పుటను తప్పుగా ఎంచి దిద్దుకోమని ఆమే దానికి నేర్పింది. పలకకపోవడం మర్యాదే. వినకపోవడం కూడా మర్యాదేనా?

"ఆ నియమం తీసెయ్. అన్ని గోడల మీదా ఒకటే పుట పెట్టు. తుపాను వస్తోంది, లేవండని."

"అలాగే. మీ పుట కూడా మారుతుంది. సమ్మతమేనా?"

ఆమె బల్ల కూడా ఒక తెరే. దాని మీది పుటలో ఒక వాక్యం ఉంది. ‘నూకరత్నం అక్క పునరావాస కేంద్రానికి చేరింది.’ పొద్దుట్నుంచీ దాన్ని చూసుకునే ఆమె నిబ్బరంగా ఉంది.

"నా పుటకేమైంది?"

"మీ అక్కగారు ఇల్లు కదలనంటున్నారని మొదట రాశాను. మీరు మూసేశారు. మళ్ళీ రాశాను. మళ్ళీ మూశారు."

పేర్రాజు గొంతు తగ్గించాడు. "అక్కగారి వీధి కెమెరా తిప్పమంటారా అండీ?"

"వద్దు." ఆమె బల్ల మీది వాక్యం వైపు చూసింది. "ఊరందరిదీ మార్చు. నాది ఉండనీ."

ఉప్పాడ గోడలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. పేకాటరాయుళ్ళు లేచి లోపలికి వెళ్ళి చూశారు. ఆ తరువాత ఒక్కొక్కరే పుట మూసేస్తుంటే, ఒక్కొక్క గోడే ఆరిపోసాగింది. బయటికి ఎవరూ రాలేదు.

పేర్రాజు వ్యాను తాళాలు అందుకున్నాడు. "రండి మేడమ్, ఇంకా దారుంది! మనమే వెళ్ళి లేపుదాం!"

ఆమె తలెత్తలేదు. బల్ల మీద పుటకర్త ఇంకో వాక్యం చేర్చింది.

‘అక్క ఇప్పుడే అన్నం తింది.’

సత్యవేణి కళ్ళు తుడుచుకుని, దాన్ని మళ్ళీ చదివింది.